పెద్దింటి మేకు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఇక్కడ నీడ ఉంది. ఎదురుగా బడి వార్షికోత్సవానికి షామియానా వేస్తున్నారు. సుత్తి మేకు మీద పడి ఠంగుమన్నప్పుడల్లా నాకు మల్లవ్వ గుర్తొస్తుంది. మీరు ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను.

మేము పూసలవాళ్ళం. సూదులు, పిన్నులు, పూసల దండలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. శామీర్‌పేట పక్కన ఖాళీ జాగాలో మా డేరాలు ఉండేవి. బయలుదేరేటప్పుడు ముందు పెద్దింటి డేరా, అంటే మా గుంపు పెద్ద ఉండే డేరా మేకు పీకాలి, ఆ తర్వాతే ఎవరైనా మూట కట్టాలి. అది మా కట్టుబాటు. ఆ పెద్దిల్లు మల్లవ్వది. తొంభైల్లో సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వస్తే నిలబడి గెలిచింది. గెలిచిన మర్నాడే మా పిల్లలందరినీ తీసుకెళ్ళి బడిలో కూర్చోబెట్టింది.

నా కూతురు సుజాత వాళ్ళలో ఒకతి. మొదటి ఏడు మేము జాతరలకు వెళ్ళిపోతే పిల్లల పేర్లు కొట్టేశారు. మల్లవ్వ పంతులును బతిమాలి మళ్ళీ రాయించింది. ఈసారి పరీక్షలు ఎగ్గొడితే ఇక చేర్చుకోనని ఆయన గట్టిగా చెప్పాడు. తీరా పరీక్షలు దగ్గర పడేసరికి జాతరలు రానే వచ్చాయి. మా ఆయన ఆమె డేరా ముందు లొల్లికి దిగాడు.

“ఏందక్కా, మేకు పీకవా?”

“పిల్లల పరీక్షలయినంకనే పీకుత.”

“సర్పంచ్ అయినవని మా పొట్టలు గొడ్తవా?”

“నీ పొట్ట సంగతి నాకెర్కలేదా? నిన్న నా కాడనే తిన్నవ్. ఇయ్యాల గూడ రా.”

అందరూ నవ్వారు, ఆయన తప్ప. కానీ పెద్దింటిని దాటి ఎలా పోతాడు?

జాతర బేరం పోయిందని ఆమెకు తెలియదా! మమ్మల్ని వెంటబెట్టుకుని, తనూ గంప నెత్తినెత్తుకుని మేడ్చల్ కాలనీలన్నీ తిరిగింది. కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ గుర్తుపట్టి, “సర్పంచ్ గారు కదూ, మీకు గంపేంటండీ!” అంది.

“సర్పంచ్‌గిరీ ఐదేండ్లే అమ్మా, గంప మా అమ్మ ఇచ్చింది. సూదులు గావాల్నా, పిన్నులా?”

ఆఖరి పరీక్ష రాసి సుజాత సిరా వేళ్ళతో పరుగెత్తుకొచ్చింది. మల్లవ్వ దాని చేతిలో గునపం పెట్టింది.

“నువ్వే పీకు బిడ్డా. మన పెద్దిల్లు ఇగ బడికి వోయే పిల్లలదే.”

ఆ చిన్న చేతులకు మేకు ఒక పట్టాన రాలేదు. మా ఆయనే పక్కన కూర్చుని ఓ చెయ్యి వేశాడు. ఆ ఏటి నుంచి మొదటి మేకు బడిపిల్లలే పీకారు.

మల్లవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మాకు గోడల ఇల్లుంది. అయినా ఎక్కడికి ప్రయాణమన్నా నా నోట మొదట వచ్చే మాట, “పిల్లల పరీక్షలు అయ్యాయా?”

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు రోజూ సిరా వేళ్ళతో ఇంటికి రావాలి.