గట్టిగా అన్న మాట

రామచందర్‌కు చెవులు పోయాయని హైదరాబాదులో ఇద్దరికే తెలుసని ఆయన నమ్మకం. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య విమల. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులోని రేడియో రిపేరు దుకాణంలో ముప్ఫయ్యేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి వినపడదని బయటపడితే ఇక ఆ ఉద్యోగం ఉండదు. అందుకని ఏడాదిగా దాచుకొచ్చాడు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. రేడియో పలుకుతోందో లేదో స్పీకరు మీద అరచెయ్యి ఆనించి తెలుసుకునేవాడు. ఆ ఏడాదిలో ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆయనకున్న ధైర్యమల్లా అదే.

ఇవన్నీ తర్వాత చాదర్‌ఘాట్‌లో వాళ్ళింట్లో చాయ్ తాగుతూ నేను తెలుసుకున్న సంగతులు. ముందే తెలిసుంటే అంత నోరు పారేసుకునేవాణ్ణి కాదని చెప్పుకుంటూ ఉంటాను. నా కోపం సంగతి ఎరిగిన మా ఆవిడ వసుమతి మాత్రం నమ్మదు.

అది డెబ్భయ్యో సంవత్సరం, జనవరి. రాష్ట్రం ఏర్పడినప్పుడు మా నాన్న ఉద్యోగంతో పాటు గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం మాది. నేను పగలు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసు గుమాస్తాని, సాయంత్రాలు గోపాలరావు గారి ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే వరప్రసాద్‌ని. ఆ సాయంత్రం ఆరింటికి నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మా కచేరీ. మధ్యాహ్నం రెండింటికి చూస్తే గిటారు పికప్ ఊగుతోంది. తీగల కింద ఉండే అయస్కాంతపు పెట్టె అది. తీగ కదిలితే ఆ కదలికను పట్టి యాంప్లిఫయరుకు పంపేది అదే. దాని మరలకు ఉండాల్సిన స్ప్రింగులు తుప్పు పట్టి విరిగిపోయాయి. వేలు తగిలితే చాలు, లోపల లొడలొడమంటోంది.

గిటారు చంకన పెట్టుకుని అబిడ్స్‌కు పరిగెత్తాను. యజమాని కోదండరామయ్య ఏదో పని మీద బయటికి వెళ్ళాడు. రామచందర్ ఒక్కడే బల్ల దగ్గర ఉన్నాడు. గిటారు ఆయనెప్పుడూ విప్పలేదట. అయినా భయపడలేదు. మరలు తీసి, పికప్ పైకెత్తి, కాసేపు చూశాడు. తర్వాత పక్క సైకిలు షాపుకు వెళ్ళి, చక్రం వాల్వుకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టం జానెడు పట్టుకొచ్చాడు. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, స్ప్రింగుల బదులు మరలకు తొడిగాడు. ఆ చేతులు చూస్తే నాకు ముచ్చటేసింది.

నేను వంగి గిటారు సంచి సర్దుకుంటూ, కదలకూడదండీ అన్నాను. తలెత్తి, “గట్టిగా ఉండాలి,” అన్నాను. ఆయన తలూపాడు. మరలు చివరికంటా బిగించి, తీగ మీటి, స్పీకరు మీద చెయ్యి పెట్టి తృప్తిగా నవ్వాడు. నాకు ఆగి వినే తీరిక ఎక్కడిది? తీసుకుని పోయాను.

నాంపల్లిలో వాయించి చూస్తే శబ్దం రెండింతలైంది. కానీ లావు తీగలు మీటితే స్వరం నిలబడదు, మేక అరిచినట్టు వణుకుతుంది. అయిదున్నరకల్లా ఇది బాగుపడకపోతే గిటారు లేకుండానే కచేరీ కానిస్తానని గోపాలరావు గారు అందరి ముందూ అనేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రిక్షా దిగేసరికి నాలుగున్నర. ఈసారి కోదండరామయ్య దుకాణంలోనే ఉన్నాడు. మెట్ల మీద నుంచే అరిచాను.

“మీ మెకానిక్‌కు అసలు చెవులున్నాయా?”

రామచందర్ నా పెదవులనే చూస్తున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. నేను వేళాకోళానికి అన్న మాట ఆయనకు నిజంగా తగిలిందని నాకేం తెలుసు?

కోదండరామయ్య గిటారు స్పీకరుకు తగిలించి లావు తీగ మీటాడు. వణుకు దుకాణమంతా వినపడింది. ఏమైందని రామచందర్‌ని అడిగాడు.

“గట్టిగ ఉండాలె అన్నరు గద సార్. గందుకే తీగల దగ్గరికి లేపిన,” అన్నాడు రామచందర్.

అప్పుడు వెలిగింది. గట్టిగా అంటే నా లెక్కలో ఊగకుండా. ఆయన పట్టుకున్నది శబ్దం పెద్దగా అని. మరలు చివరికంటా బిగించడంతో పికప్ తీగల మీదికి లేచింది, అయస్కాంతం వాటిని లాగేస్తోంది. పొరపాటు నాదేనండీ, సరిగ్గా చెప్పలేదు అన్నాను తొందరగా. కానీ కోదండరామయ్య నా వైపు చూడలేదు.

“మరి తీగ గిట్ల వణుకుతుంటె నీకు ఇనబడలేదా?”

రామచందర్ చేతిలో స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు. సందు చివర బస్సు హారను మోగింది.

“ఇనబడతలేదు సేఠ్. ఏడాదైంది.”

“నాకు ఎర్కే,” అన్నాడు కోదండరామయ్య. “నువ్వు ఇంటికి పోయినంక ప్రతి రేడియో నేను ఇని, సరిచేసి పంపుతున్న. నువ్వే చెప్తవని చూసిన.”

నా గిటారు నేరుగా బల్ల మీద నుంచి పోయింది కాబట్టి ఆయన చేతికి చిక్కలేదు. రేపటి నుంచి పని నువ్వు చెయ్యి, వినడం నేను వింటాను, ఇంకేదీ దాచకు అన్నాడాయన. ముందు సార్ పని చూడమన్నాడు. రామచందర్ మర పావు చుట్టు వదులు చేసేవాడు, నేను మీటేవాణ్ణి, వణుకు ఉంటే తల అడ్డంగా ఊపేవాణ్ణి. అయిదోసారికి స్వరం నిలబడింది. పికప్ ఊగలేదు.

ఉద్యోగం నిలిచింది. అయినా ఆ మనిషి మొహంలో సంతోషం లేదు. గిటారు నాకిస్తూ యజమానిని అడిగాడు.

“ఎన్ని సరిచేసిన్రు సేఠ్?”

కోదండరామయ్య వీధి వైపు మొహం తిప్పుకుని, “నలభై దాటినయ్,” అన్నాడు మెల్లగా.

ఆ పెదవులు రామచందర్‌కు కనపడలేదు. ఏమన్నాడు అన్నట్టు నా వైపు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. రెండు వేళ్ళు చూపించాను.

“రెండేనా,” అన్నాడు రామచందర్.