పక్కింటి తెలుపు

పక్కింటి అక్క పోయిన కబురు పొద్దున్నే వాళ్ల కొడుకు తెచ్చాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. "చిన్నమ్మా, అమ్మ లేసి కూసున్నది, నీళ్లడిగింది, గంతే," అన్నాడు. చేట పక్కన పెట్టి లేచాను. లేస్తుంటే మనసులోకి మొదట వచ్చిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక మా గల్లీలో నా ఇంటికంటే తెల్లటి ఇల్లు ఉండదు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

సిద్దిపేటలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె నాకు చుట్టం కాదు. పదిహేనేళ్లు అక్కా అని పిలిచాను, ఆ పదిహేనేళ్లూ కుళ్లుకున్నాను. దసరా ముందు గల్లీలో అందరం ఇళ్లకు సున్నం వేసేవాళ్లం. అందరి గోడలకూ అడుగున జాజు, అంటే ఎర్రమట్టి, పట్టీ ఉండేది, తలుపులకు పచ్చరంగో నీలమో ఉండేది. ఆమె ఇంట్లో జాజు కూడా లేదు. గోడలు తెలుపు, కిటికీకి కట్టిన ధోతి ముక్క తెలుపు, రేడియో మీద తానే దారంతో అల్లిన గుడ్డ తెలుపు, స్టీలు గ్లాసులో నందివర్ధనం పూలు. ముత్తైదువ ఇంట్లో ఇంత తెలుపేమిటని మా అత్త ఒకసారి మొహం మీదే అడిగింది.

"పసుపు కుంకుమ నా మొకానికున్నయి గద పెద్దమ్మా. గోడకెందుకు?" అంది ఆమె.

మా అత్తకు కోపం రావాలి. రాలేదు. పైగా ఆ రోజునుంచి మధ్యాహ్నం కునుకు తీయడానికి వాళ్లింటికే పోయేది. మావారిదీ అదే దారి. అక్కడ చాయ్ తాగి వచ్చి, "ఆళ్లింట్ల కూసుంటే పానం సల్లగుంటదే," అనేవారు. నా ప్రాణం ఎంత ఉడికిపోయేదో ఆయనకేం తెలుసు.

ఒక ఏడు దసరాకు పట్టుదల వచ్చింది. సిగ్గు విడిచి ఆమెనే అడిగాను. ఆమె మా అరుగు మీద కూర్చుని పూస గుచ్చినట్టు చెప్పింది. రాతి సున్నం రెండు రోజులు నానాలి, పాత ధోతిలో వడగట్టాలి, నీలిమందు గుడ్డలో మూటగట్టి ఒక్కసారి తిప్పి తీసేయాలి. చివరకు తుమ్మబంక. ముందురోజే నానేసి, ఆ నీళ్లు సున్నంలో పోయాలి. ఇంటికి వెళ్లబోతూ మళ్లీ తిరిగి చూసి, "బంక మరువకు చెల్లె. అది లేకుంటే సున్నం బట్టలకు అంటుతది," అంది.

బంక నానేశాను. పొద్దున గిన్నె చూస్తే నీళ్లు బెల్లం పానకంలా ఎర్రగా ఉన్నాయి. నా బుద్ధి అక్కడే వంకర పోయింది. ఇంత తెల్లటి సున్నంలో ఇంత ఎర్రటి నీళ్లా? నా గోడ పచ్చబడాలని, తనదే తెల్లగా ఉండాలని చెప్పిందని తేల్చేసుకున్నాను. గిన్నె అరుగు మీదే వదిలేసి, ఉత్త సున్నం వేశాను.

ఆరిన తర్వాత చూడాలి. ఆమె ఇంటికంటే ఒక పాలు తెల్లగా తేలింది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి, "మంచిగ తేలింది చెల్లె," అంది. గోడను మాత్రం ముట్టలేదు. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని చుట్టాలంతా వచ్చారు. కొత్త బట్టలతో చాప మీద వరసగా కూర్చుని గోడకు ఆనుకున్నారు. లేచేసరికి అందరి వీపులూ తెల్లగా ఉన్నాయి. అది చాలక అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకోవడం మొదలుపెట్టారు. ఒకరి వీపు మీది సున్నం ఇంకొకరి చేతులకు, ఆ చేతుల నుంచి మరొకరి వీపుకు. మా ఆడబిడ్డ భర్త నల్ల సఫారీ చూసి గదంతా నవ్వింది. మా అత్త నవ్వలేదు. "ఎవలు గలిపిన్రే గీ సున్నం?" అని నలుగురిలో అడిగింది.

నేను నేల చూస్తున్నాను. జమ్మి ఇవ్వడానికి వచ్చిన అక్క గుమ్మంలోనే ఉంది.

"నేనే చెప్పిన పెద్దమ్మా. బంక సంగతి చెప్పుడు మరిశిన. తప్పు నాదే," అంది. అని, ఆ సఫారీని తన కొంగుతోనే దులిపింది.

నేను చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయాను. అందరూ పోయాక మా అత్త, "తప్పు ఒప్పుకునే గుణం గా పిల్లకే ఉన్నది," అంది. తెలుపులో ఓడిపోయానంటే సరే. మంచితనంలో కూడా ఆమెదే పైచేయి కావాలా? ఆ దసరా తర్వాత నా కుళ్లు రెండింతలైంది.

ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి ఏడు మాత్రం బంక తానే నానేసి తెచ్చి, నా ఎదుటే నా బకెట్లో పోసింది.

మొన్న దసరాకు ఇద్దరం కూర్చుని సున్నం వడగడుతుంటే నా నోరు ఆగలేదు. "అక్కా, ఆ ఏడు బంక సంగతి నువ్వు చెప్పినవు. నేనే పొయ్యలే," అన్నాను.

"ఎర్కనే. గిన్నె మీ అరుగు మీదనే ఉండె."

"మరి నీ మీదెందుకేసుకున్నవు?"

ఆమె గుడ్డ పిండడం ఆపలేదు. "నా మాట నువ్వు నమ్మలేదని నలుగుట్ల తెలిస్తే నా ఇజ్జత్ ఏముంటది చెల్లె?"

ఇన్నేళ్లూ నేను కుళ్లుకున్నది ఆమె మంచితనం చూసి. ఆ రోజు ఆమెకు నొప్పి తగిలిందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఆమె పోయిన తొమ్మిదో రోజు, శుద్ధికి ఇంటికి సున్నం వేయాలన్నారు. అక్క కోడలు పెయింటర్‌ను పిలుస్తానంటే వద్దన్నాను. రాయి నానేసింది నేనే, వడగట్టింది నేనే, బంక పోసింది నేనే. ముందు గదికి రెండు పూతలు వేశాను. చిన్నతనంగా ఉన్నా చెప్తున్నాను, నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు.

పదో రోజు కోహెడ నుంచి వచ్చిన అక్క ముసలి మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది. గోడలన్నీ కలయజూసి, "అచ్చం మా పిల్ల చెయ్యే. ఎవలేసిన్రే?" అంది.

కోడలు నా వైపు చూసి చెప్పబోయింది. నేనే వేశానని చెప్పి ఆ పేరు తీసుకోవాలా? పదిహేనేళ్లు ఎదురుచూసిన మాట అది. గొంతు దాకా వచ్చింది కూడా.

"అక్కనే పోయేముందు కలిపి పెట్టుకున్నది అత్తా. మేం పూసినం, గంతే," అన్నాను.

కోడలు వింతగా చూసింది. ముసలామె కళ్లు తుడుచుకుంటూ గోడ నిమురుతోంది. నా గోళ్ల సందుల్లో ఇంకా సున్నం ఉంది. చేతులు రెండూ కొంగు కిందికి లాక్కున్నాను.