గంగ తినని దోరమామిడి

సాలూరు సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ఇంకా పావుగంట ఉందనగా కనక లేచి బయటికి వచ్చేసింది. కడుపులో దేవుతోంది. తిన్నది ఒక్క సమోసా, తప్పు దానిది కాదు. తెర మీద ఆమె నాయనమ్మ గంగ వానలో తడుస్తూ దోరమామిడి కొరికి, టెంకని తెల్లదొర కొడుకు గుండెల మీదికి విసిరింది. హాలంతా ఒకటే ఈలలు.

కనకకి అరవై దాటాయి. సాలూరు పైన కొండల్లో రెండెకరాలు దున్నుకుంటూ, చింతపండు, అడ్డాకులు సంతకి మోసుకెళ్లి అమ్ముకునే మనిషి. ఉన్నమాట మొహం మీదే అనేసే రకం. పెళ్లిలో ఎవరైనా పాట చరణం తప్పితే అక్కడే ఆపించి మొదటినుంచి పాడించేది. అలాంటి మనిషి ఇంటికి రెండేళ్ల కిందట హైదరాబాదు నుంచి శివకుమార్ అనే సినిమా రచయిత వచ్చాడు. కొండల తిరుగుబాటు మీద భారీ చారిత్రక చిత్రం తీస్తున్నారట. ప్రతి చిన్న సంగతీ నిజమై ఉండాలట. మూడు రోజులు ఆమె అరుగు మీద కూర్చుని, చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

ఆమె చెప్పింది చిన్న కథే. తెల్లవాళ్ల రోజుల్లో వెట్టికి రోడ్డు కొట్టమంటే ఊళ్లో ఏడుగురు మగవాళ్లు అడవిలోకి పారిపోయారు. వాళ్ల జాడ చెప్పమని సిపాయిలు గంగని తిండి పెట్టకుండా కళ్లంలో కూర్చోబెట్టారు. చైత్రమాసం, మండుటెండ. మామిడి కొత్త పండగ ఇంకా కాలేదు. ఆ పండగనాడు చనిపోయిన పెద్దల పేర్లు పిలిచి, వాళ్లకి పెట్టాకే ఆ కొండల్లో ఎవరైనా ఆ ఏటి మామిడి నోట పెట్టేది. ఆ సంగతి సిపాయిలకేం తెలుసు? ఆకలికి లొంగుతుందని గంపెడు దోరకాయలు ఆమె ముందు పెట్టారు. మూడు రోజులు ఆ వాసన పీలుస్తూ కూర్చుంది గంగ. అన్నది ఒకటే మాట: "పెద్దలకి ఎట్టనేదు." నాలుగో రోజు సిపాయిలు విసిగి వెళ్లిపోయారు. అంతే. తుపాకీ పేలలేదు, బాణం ఎగరలేదు.

ఇంత కథా చెబుతుంటే శివకుమార్ పెరట్లో కాయ కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని కసకసా నమిలాడు. అప్పటికీ పండగ కాలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని తింటుండగా వారించకూడదని కనక నోరు కట్టుకుంది.

ఆ నమిలినవాడు రాసిన సినిమా ఇది. గంగ ఒంటి మీద చిరుతపులి చర్మం. వెనకాల బారులు తీరిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు. కాఫీ తోటల కోసం నిన్నగాక మొన్న నాటిన చెట్లు ఆ కాలంలో ఎక్కడినుంచి ఊడిపడ్డాయో తీసినవాళ్లకే తెలియాలి. ఎర్రటి దుమ్ములో, డప్పుల మోతలో, గంగ సిపాయిల ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా ఐదు నిమిషాల ఉపన్యాసం దంచింది. అందులో ఒక్క వాక్యమైనా ఆ కొండల్లో పుట్టిన మనిషి అనేది కాదు.

సినిమావాళ్లే కొండ ఊళ్లవాళ్లని వ్యానుల్లో తెచ్చి చూపిస్తున్నారు కాబట్టి శివకుమార్ కూడా హాల్లోనే ఉన్నాడు. కనక వెనకే బయటికి వచ్చాడు.

"ఏంటమ్మా, మధ్యలో వచ్చేశారు?"

"కక్కొత్తంది బాబూ. మూడ్రోజులు మాటాడకుండా కూకున్న మనిసి సేత అంతంత పెసంగాలు ఇప్పించినావేటి?"

"మౌనంగా కూర్చుంటే సీను నిలబడదమ్మా. జనం పడుకుంటారు."

"ఎండలో మాడిపోనాది గాని కాయ ముట్టనేదు. అది సెప్పడానికే గదా నాను మూడ్రోజులు గొంతు సించుకున్నాను? నువ్వు దాని నోట్లోనే కాయెట్టినావు. అది సాలదని ఆ తెల్లోడి కొడుకుతోటి సరసం!"

"లవ్ ట్రాక్ లేకపోతే డబ్బు పెట్టేవాళ్లు ఒప్పుకోరు. కానీ చూడండి, మీ గంగ పేరు ఇవాళ రాష్ట్రమంతా తెలిసింది."

"పేరొక్కటే మాది బాబూ. ఆ మనిసి నీది" అని కనక రోడ్డు పక్కకి వెళ్లి తుపుక్కున ఉమ్మింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ సినిమా మాట ఎవరెత్తినా ఆమెకి ఒళ్లంతా కంపరమెత్తేది.

ఉగాది సెలవులకి మనవరాలు అనూష హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి. పెరట్లో అలికిడైతే కనక వెళ్లి చూసింది. ఆ గుంటపిల్ల సినిమాలో గంగ లాగే వారగా కొప్పు పెట్టుకుని, ఫోను చెట్టుకి ఆనించి, దాని ముందు దోరకాయ కొరుకుతోంది. మామిడి కొత్తకి ఇంకా పన్నెండు రోజులుంది.

"ఉమ్మియ్యే! బేగి ఉమ్మియ్!" కనక కేక పెట్టింది.

"ఏటయ్యింది మామ్మా? గంగ మామ్మే తిన్నాది గదా?"

"తిన్నేదే! ఆ సినిమావోడు అబద్దమాడినాడు."

అనూష ఉమ్మేసి మూతి తుడుచుకుంది. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

"మరి నిజం ఏటి? నాకెవులు సెప్పినారు?"

ఆ ఇంట్లో గంగ కథ మామిడి కొత్తనాడే చెబుతారు. ఆరో ఏటనుంచీ హాస్టల్లో పెరిగిన పిల్లకి ఏటా ఆ రోజుల్లో పరీక్షలు. ఇంట్లో పిల్లే కదా, తెలిసే ఉంటుందిలే అనుకుంది కనక. పండగనాడు తప్ప ఎత్తకూడని కథని ముక్కూ మొహం తెలియనివాడికి మూడు రోజులు కూర్చుని చెప్పింది, గంగ రక్తం పంచుకు పుట్టిన గుంటకి ఒక్క పూట చెప్పలేదు. శివకుమార్ మీద పుట్టిన రోత ఏపాటిది? ఆ క్షణాన కనకకి తన మీద తనకే అంతకు పదింతల రోత పుట్టింది.