ఆది లేని చక్

రిటైరైన బస్సు డ్రైవరు కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. చెక్క గిన్నెలు చేయడం నేర్చుకుందామని ముచ్చటపడి, చెక్కను గిర్రున తిప్పే లేతు మిషను కొన్నాడు. చెక్కను బిగించి పట్టే చక్ కోసం మూడుసార్లు కొట్టు చుట్టూ తిరిగాడు. తెచ్చిన ప్రతి చక్కూ లేతు ఇరుసు మీది మరచుట్లకు ఎక్కనని మొండికేసింది.

కుట్టుమిషను ఆపి భార్య తలెత్తింది.

"కొలతకు ఆది జాకెట్టు ఇవ్వందే నేను గుడ్డ మీద కత్తెర పెడతానా? లేతుతో పాటు వచ్చిన ఇనప పళ్లెం ఆ మరచుట్లకు సరిగ్గానే ఎక్కిందిగా! దాన్ని విప్పి కొట్టుకు తీసుకెళ్లండి."

ఇనుము మోసి మోసి చేతులు పడిపోయినవాడు కళ్లు మూసుకున్నాడు.

"ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. 'ఇదేమన్నా జాకెట్టా?' అన్నారు."