ప్రవర్తన చాలా మంచిది

జూన్‌లో ఒక సోమవారం, ఉదయం ఎనిమిదీ యాభైకి అమీర్‌పేటలో రిపోర్ట్ చేశాను. సన్నటి వాన. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కిటికీ తెరిస్తే మెట్రో పిల్లరు. ఇరవై రెండేళ్లు సైన్యంలో ఉండి హవల్దారుగా రిటైరైనవాణ్ని. మీరంతా సరిహద్దు కబుర్లు అడుగుతారు. అక్కడ నేను సిగ్గుపడాల్సిందేమీ జరగలేదు. ఇక్కడి నాలుగు నెలల డ్యూటీ సంగతి చెబుతాను.

సెక్యూరిటీ పని అనుకుని వెళ్లాను. కోచింగ్ సెంటర్ మేనేజరు కోస్తా మనిషి. నా గొంతు వినగానే గేటు దగ్గర కాకుండా లోపల కుర్చీ వేయించాడు. సామగ్రి: మూడు సెల్‌ఫోన్లు, ఒక రిజిస్టరు. ఆర్డరు ఒక్కటే.

"ఉద్యోగాలిచ్చే కంపెనీల వాళ్లు ఫోన్ చేస్తారండీ. మీరు మా స్టూడెంట్ల పాత కంపెనీ మేనేజరు. మూడేళ్లు మీ దగ్గర పనిచేశారని చెప్పండి. ప్రవర్తన చాలా మంచిది అనండి. అంతే."

"వాళ్లెవరో నాకు తెల్వదు గద సార్?"

"ఎవరికి మాత్రం తెలుసండీ!"

నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నిజం చెప్పాలంటే మేనేజరు అనిపించుకోవడం నాకు నచ్చింది. తొమ్మిది నుంచి ఆరు దాకా, ముఖం చూడని మనుషుల గుణానికి హామీ ఇచ్చాను.

సెప్టెంబరులో ఒకరోజు పదకొండున్నరకు మా స్టూడెంటు ఒకతని గురించి ఒక మేడమ్ ఫోన్ చేసింది. ఆస్పత్రుల్లో మందుల మోతాదులు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాకు ఎవరూ నేర్పని ప్రశ్న వేసింది.

"తప్పు చేస్తే ఒప్పుకుంటాడా అండీ?"

"వెంటనే ఒప్పుకుంటడు మేడమ్."

మర్నాడు ఆ స్టూడెంటే మిఠాయి పెట్టెతో వచ్చాడు. పాతికేళ్లుంటాయి. పెట్టె ఇచ్చి కదలకుండా నిలబడ్డాడు.

"మీ మాటతోనే నౌకరి వచ్చిందన్నా. కానీ నాకు గా పని సక్కగ రాదు. ఎవరికన్న తప్పు మందు పోతే? జర భయమైతుంది."

చూడకుండా నేను చెప్పిన ఆ ఒక్క మాట నిజమైంది. అతను ఒప్పుకున్నాడు. ఇక నా వంతు.

అతను వెళ్లగానే మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా చెప్పేయాలనే.

"మీరా! మీ గొంతు విన్నాకే నమ్మకం కుదిరిందండీ. ఎక్కువ అనుభవం ఉన్న ఇంకో అమ్మాయిని కూడా వద్దనేశాం. ఏమైనా చెప్పాలా?"

పోలీసులు, బంధువులు, కాలనీ వాళ్లు, అందరూ కళ్ల ముందు తిరిగారు. భయపడ్డాను.

"ఏం లేదు మేడమ్. మంచి పిల్లగాడు. అదే చెప్దామని."

మధ్యాహ్నం మూడింటికి ఫోన్లు మేనేజరు టేబుల్ మీద పెట్టేసి, బల్కంపేటలోని ఇంటికి నడిచాను.

"గింత జల్ది వచ్చినవేంది?" అంది నా భార్య.

ఒంట్లో బాగాలేదన్నాను. అదీ అబద్ధమే. ఆ మేడమ్ ఆఫీసు పంజాగుట్టలోనే. ఇంటి నుంచి నడిస్తే అరగంట. ఇంతవరకు వెళ్లలేదు.

ఆరోజు మేడమ్‌కి నేను చేసిన ఫోన్‌లో మాట్లాడుతూ కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. ఎదురుగా కిటికీ అద్దంలో నేనే కనిపించాను. మడమలు కలిపి, ఛాతీ ముందుకు పెట్టి, సావధాన్‌లో నిలబడి అబద్ధం చెబుతున్నాను.