ధాన్యం ఆరబోసిన దారిలో బండి

బందరులో నాకు మోటార్‌సైకిల్ లైసెన్స్ వచ్చిన రోజు మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఈ ఆదివారం నించి నేర్చుకుందువుగాని," అన్నారు.

ఆయన బస్సు డ్రైవరు. బందరు–గుడివాడ రూటులో చాలా ఏళ్లు బస్సు నడిపినవారు. నేనేమో ఇన్‌స్పెక్టరు ఎదుట బండితో ఎనిమిది అంకె గీసి, ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా పరీక్ష నెగ్గి వచ్చాను. ఇంకా నేర్చుకునేది ఏముందని అడిగాను.

"నడపడం వచ్చింది. ఆపడం రాదు. ఆపడం వచ్చినవాళ్లే డ్రైవర్లు," అన్నారు.

ఆదివారం పొద్దున్నే గూడూరు వైపు పొలాల మధ్య రోడ్డుకు తీసుకెళ్లి, నా వెనక కూర్చుని, చెప్పా పెట్టకుండా "ఆపు" అనేవారు. నేను కంగారుగా వెనక బ్రేకు తొక్కితే బండి పామల్లే జారేది. రెండు బ్రేకులూ కలిపి, ముందుది చేతి బలం కొద్దీ కాకుండా పిండినట్టు పట్టుకుంటే బండి తల వంచుకుని నిలబడేది. పొడి రోడ్డు మీద అది వచ్చాక తడి రోడ్డు మీద, ఆ తరవాత గులక మీద నేర్పారు. బస్సుల గురించి ఆయన చెప్పిన ఒక్క మాట నేను తరవాత ఎంతమందికి చెప్పానో. "బస్సు అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడుతోందా? కనపడకపోతే అతను నిన్ను చూళ్లేదనే అర్థం. వెనక్కుండు."

నేను మోటార్‌సైకిల్ నేర్చుకోవడానికి కారణం ఉద్యోగం. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా దివిసీమలో వేశారు. కోడూరు దాటి పాలకాయతిప్ప వెళ్లే వైపు ఊళ్లు. బస్సులు అరుదు. వాన పడితే కరకట్ట మీద మోపెడ్ల చిన్న చక్రాలు ఒండ్రులో కూరుకుపోతాయి. పెద్ద చక్రాల బండే కావాలి. ఆడపిల్లకు మోటార్‌సైకిల్ ఏమిటని చుట్టాలు అడిగితే నాన్న, "ఎక్కినవాళ్లు ఆడో మగో దానికి తెలీదండీ. గాలీ, పెట్రోలూ ఉంటే వెళ్తుంది," అనేవారు. తన పాత బండిని విప్పి, మళ్లీ బిగించి, నాకిచ్చేశారు. బిగించేటప్పుడు సగం పని నాచేతే చేయించారు.

దివిసీమలో అసలు శత్రువు ఉప్పుగాలి. ఇనుమన్నది ఏదైనా దాని నోట్లో పడాల్సిందే. నేను వెళ్లిన కొత్తలోనే గొలుసు ఎర్రబారడం చూసి భయపడ్డాను. అప్పటినుంచి వారం వారం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక గేరు నూనె పట్టించేదాన్ని. పొద్దున ఊళ్లకు బయలుదేరే ముందు టైర్లు బొటనవేలితో నొక్కడం, గొలుసును కింది నుంచి వేలితో ఎత్తి ఎంత ఆడుతోందో చూడడం, బ్రేకులూ లైటూ ఒకసారి సరిచూసుకోవడం, ఇదంతా పొయ్యి మీద టీ మరిగేలోపు అయిపోయే పని. చున్నీని మాత్రం రెండు కొసలూ వెనక్కి లాగి నడుముకు ముడి వేసేదాన్ని. వేలాడే చున్నీ, జారిన పైట చక్రంలో పడితే ఏమవుతుందో నర్సుగా నా కళ్లతో చూశాను. ఆ విషయంలో నేను ఎవరికీ మొహమాటపడలేదు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా ఆపి చెప్పేదాన్ని.

మా ఉపకేంద్రం ఎదురింట్లో చేపలవాళ్ల కుర్రాడొకడు ఉండేవాడు. కుర్రాడంటే పెళ్లయినవాడే. తెల్లవారుతూనే చేపలు, పీతలు ఐసుపెట్టెలో వేసుకుని అవనిగడ్డ తీసుకెళ్లి అమ్మేవాడు. సైకిలు మీద తిరిగినవాడు ఆ ఏడే లైసెన్స్ తీసుకుని, చేతులు మారిన బండి ఒకటి కొన్నాడు. దాన్ని పూలదండతో మా గుమ్మం ముందుకు తెచ్చి చూపించాడు. నేను చుట్టూ తిరిగి చూశాను. వెనక టైరు గుండులా అరిగిపోయింది. గొలుసు లింకుకు ఉండాల్సిన క్లిప్పు లేదు. దాని బదులు ఇళ్ల కప్పులు కట్టే ఇనపతీగ చుట్టి ఉంది.

"ఇది తెగితే గొలుసు వెళ్లి చక్రానికి చుట్టుకుంటుంది, తమ్ముడూ. చక్రం అక్కడికక్కడ బిగుసుకుపోతుంది," అన్నాను.

"మార్పిస్తానండీ నర్సమ్మగారండీ. ఈ సీజను పోనివ్వండి," అన్నాడు. కొత్త బండి మురిపెంలో ఉన్నవాడికి అంతకంటే చెప్పి లాభం లేదు. గడప దగ్గర నిలబడిన అతని భార్య మాత్రం ఆ తీగ వంక చూస్తూ ఉండిపోయింది. ఆమెకప్పుడు నెలలు నిండుతున్నాయి.

కోతలు అయ్యాయి. రోడ్ల మీద ధాన్యం ఆరబోసే రోజులు వచ్చాయి. ఒక తెల్లవారుజామున అతను వచ్చి తలుపు కొట్టాడు. భార్యకు నొప్పులు. వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. నొప్పులు ఇంకా దూరదూరంగా వస్తున్నాయి, ఉమ్మనీరు పోలేదు. అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్లితీరాలి. ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి లేవు. కోడూరులో అద్దె జీపు ఉంది, దాన్ని ఎవరైనా వెళ్లి తీసుకురావాలి. ఆమెను వదిలి నేను కదలకూడదు.

అతను అప్పటికే తన బండి కిక్కు కొడుతున్నాడు.

"అది వద్దు. నా బండి తీసుకెళ్లు," అని తాళం తెచ్చాను. అందుకోబోతే ఇవ్వలేదు. "ముందు విను."

"టైము లేదండీ."

"ఉంది. నువ్వు వెళ్లి వచ్చేంత టైముంది. నువ్వు దారిలో పడితేనే ఉండదు."

బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మొదలు మాత్రమే కనిపిస్తోంది. అతని భుజం పట్టుకుని నిదానంగా చెప్పాను. "ధాన్యం కనపడగానే దూరం నుంచే గేరు తగ్గించు. గింజల మీదికి ఎక్కాక బ్రేకు ముట్టుకోకు, హ్యాండిలు తిప్పకు, తిన్నగా దాటు. ధాన్యం మీద టార్పాలిన్ పట్టాలు కప్పినచోట అంచుల మీద రాళ్లు పెడతారు, వాటికి దూరంగా ఉండు. లైటు డిమ్‌లో పెట్టు. పైకి వేస్తే మంచు మీద పడి నీ కళ్లకే కొడుతుంది. ఏదీ, చెప్పు."

అతను చెప్పాడు. గేరు, బ్రేకు, హ్యాండిలు, రాళ్లు. అక్కడ ఆగిపోయాడు.

లోపల మంచం మీది నుంచి అతని భార్య పళ్లబిగువున అంది, "లైటు డిమ్‌లో పెట్టమన్నారు. ఇక బయల్దేరు."

నా హెల్మెట్ అతని తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ నేనే బిగించాను. అతను వెళ్లాడు. వెళ్లిన శబ్దంలో తొందర లేదు. అది విని కాస్త కుదుటపడ్డాను.

తరవాత ఎదురుచూడడమే. ఆమెను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి నడుము రుద్దుతూ కూర్చున్నాను. ఆమె అత్తగారు దేవుడి పటం ముందు దీపం పెట్టి అక్కడే నిలబడిపోయింది. నా చేతులు ఇక్కడ పని చేస్తున్నా చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. బండి మీద నాకు అనుమానం లేదు, ముందురోజే అంతా చూశాను. అనుమానమంతా అతని కంగారు మీదే. కాలవ పక్క మలుపు, దానికి పిట్టగోడ లేకపోవడం, అక్కడే ఎవరో ధాన్యం పోసి ఉండడం పదేపదే కళ్ల ముందుకు వచ్చాయి. ఆమె నా మొహం చూసి, "వస్తాడండీ. మీరు చెబితే వింటాడు," అంది. ధైర్యం చెప్పాల్సినదాన్ని నేను, చెప్పింది ఆమె.

మంచు కాస్త పలచబడే వేళకు జీపు చప్పుడు వినిపించింది. వెనకే నా బండి. ఆమెను, అత్తగారిని జీపులో ఎక్కించి నేనూ ఎక్కాను. అతను బండి మీద వెనక వచ్చాడు. అవనిగడ్డలో డాక్టరమ్మ చూసి వెంటనే లోపలికి తీసుకెళ్లమన్నారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట చెప్పడానికి వరండాలోకి వస్తే అతను బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, ఇంకా హెల్మెట్ తల మీదే ఉంది. అది తీయాలన్న సంగతే అతనికి తోచలేదు. పట్టీ విప్పుతుంటే ఏడ్చేశాడు.

కాసేపటికి తేరుకుని చెప్పాడు. "కాలవ మలుపులో పట్టా వేసి ఉందండీ. రాయి నా కాలి పక్కనించే పోయింది. నేను రోజూ వెళ్లే స్పీడుకైతే దాన్ని ఎక్కేసి కాలవలో ఉండేవాణ్ణి."

"రోజూ ఆ దారినేగా వెళ్లేది. ఎప్పుడూ చూళ్లేదా?"

"చూడ్డం ఇవాళే మొదలెట్టానండీ."

నెల తిరిగేలోగా ఆదివారం పూట తన బండిని ఉపకేంద్రం ముందుకు నెట్టుకుంటూ వచ్చాడు. తీగ పోయింది. కొత్త క్లిప్పు వేయించాడు గానీ తిరగేసి వేశారు. దాని మూసి ఉన్న కొస గొలుసు నడిచే వైపు ఉండాలి, లేకపోతే ఏ పుల్ల తగిలినా ఊడిపోతుంది. విప్పించి, అతని చేతే మళ్లీ పెట్టించాను. టైరు కూడా కొత్తదే. ఐసుపెట్టె బరువు వెనక ఒకే పక్కకు పడుతోందని, దాన్ని మధ్యకు జరిపి రెండు వైపులా కట్టించాను. బండి నీళ్లలో దిగి వచ్చాక కొంతదూరం బ్రేకు తేలిగ్గా పట్టి వదులుతూ వెళ్తే లోపలి లైనర్లు ఆరతాయని చెప్పాను. ఆ మాట అతనికి బాగా నచ్చింది. చేపల రేవు దగ్గర అందరికీ చెప్పాడు.

దాంతో ఇంకొందరు వచ్చారు. లైసెన్స్ కొత్తగా తీసుకున్నవాళ్లు, ఇంకా తీసుకోనివాళ్లు కూడా. లైసెన్స్ లేనివాళ్లను తెచ్చుకున్నాకే రమ్మని పంపేశాను. మిగతావాళ్లకు నాన్న నాకు నేర్పినట్టే నేర్పాను. వెనక కూర్చుని "ఆపు" అనేదాన్ని. మొదట్లో ఆడమనిషి తమను పరీక్షించడమేమిటని సణిగినవాళ్లున్నారు. నేను దిగి నిలబడి ఆపమన్నప్పుడు బండి జారి నా కాళ్ల దగ్గరే పడ్డాక సణుగుడు ఆగింది. నీళ్లు పెట్టిన పొలంలో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల మట్టి రోడ్డు మీద ఉంటే మొదటి చినుకుకే అది వెన్నలా అవుతుందని ఒకసారి చెబితే ఎవరూ వినరు. నెమ్మదిగా దాని మీద నడిపించి చూపిస్తే ఇక మరిచిపోరు.

ఆ పాప బడికి వెళ్లే వయసు వచ్చాక ఒక సాయంత్రం ఆమె, అదే పాప తల్లి, నా దగ్గరకు వచ్చింది.

"నాకూ నేర్పండి. ఆయనకు జ్వరం వస్తే చేపలు ఇంట్లోనే పాడైపోతున్నాయి."

"ఆయన ఏమన్నాడు?"

"నర్సమ్మగారు ఒప్పుకుంటే సరే అన్నాడండీ."

పాలకాయతిప్ప వైపు రోడ్డు పొద్దున పూట ఖాళీగా ఉంటుంది. అక్కడే నేర్పాను. పొట్టి మనిషి, కాళ్లు నేలకు ఆనడానికి సీటు కొంచెం తగ్గించి కుట్టించుకుంది. నేను చూసిన వాళ్లందరిలో తొందరగా ఆపడం నేర్చుకున్నది ఆమే. చెప్పినది ఒక్కసారి వింటే చాలు. లైసెన్స్ తెచ్చుకున్న మర్నాడు భర్త బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి టైరు నొక్కి, "ముందు చక్రంలో గాలి తక్కువుంది, చూసుకోలేదా?" అని అడిగింది. అతను పంపు తేవడానికి వెళ్లాడు. ఆమె పైట కొంగు నడుముకు బిగించుకుని, చేపల బుట్టలకు తాడు కట్టుకోవడం మొదలుపెట్టింది.