కర్ణుడికి మాట అందించిన శల్యుడు

ఆ రోజుల్లో ఎవరేం అడిగినా కాదనలేకపోయేవాణ్ణి. అది నా మంచితనమని చాలాకాలం నమ్మాను కూడా. (మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది, ఇక్కడ రాయను.) ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా మేనమామ క్వార్టర్లో ఉండేవాణ్ణి. ఆ ఏడాది కాలనీలోని తెలుగువాళ్ళం కర్ణుడి మరణం నాటకం వేశాం. మావయ్య అర్జునుడు. నా పని చూసి రిపోర్టు రాసే చార్జ్‌మన్ గారు కర్ణుడు. ఆయన రథం తోలే శల్యుణ్ణి నేను.

శల్యుడు నకుల సహదేవుల మేనమామ. దారిలో పెట్టిన విందు దుర్యోధనుడిదని తెలియక తిని, అటువైపు యుద్ధం చేయాల్సి వచ్చింది. పైగా కర్ణుణ్ణి మాటలతో నీరుగారుస్తానని ధర్మరాజుకు రహస్యంగా మాటిచ్చాడు. పాపం, రాజై ఉండీ మొహమాటస్తుడు!

నాటకానికి వారం ముందు చార్జ్‌మన్ గారు నన్ను పక్కకు పిలిచి, "ఒరే, నాకు డైలాగు గుర్తుండదు. రథం మీంచి నువ్వే మెల్లగా అందించాల. ఎవుడికీ సెప్పకు" అన్నారు. "అలాగే సార్" అన్నాను. ఇంటికొస్తే, మావయ్య నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ, "అల్లుడా, మీ చార్జ్‌మన్‌కి పెమోషనొచ్చి రెండేళ్ళయింది, అప్పట్నించీ ఆడు నాతో మాటాడ్డం మానేసినాడు. స్టేజీ మీద గట్టిగా తిట్టు. ఆడు తడబడిపోవాల, ఏటి?" అన్నాడు. "అలాగే మావయ్యా" అన్నాను. ఒకరి చేతిలో నా ఉద్యోగం, ఇంకొకరి చేతిలో నా భోజనం.

నాటకం రోజు నేను గొంతెత్తి, "నువ్వు కాకివి, అర్జునుడు హంస! రథం వెనక్కి తిప్పమందువా?" అని కర్ణుణ్ణి తిట్టాను. మావయ్య మీసం దువ్వాడు. జవాబు చెప్పాల్సిన చార్జ్‌మన్ గారు బిగుసుకుపోయి నావైపు దీనంగా చూశారు. కంగారులో నాకు ఆయన మాటలు ఒక్కటీ తట్టలేదు. నోటికొచ్చిన నా మాటలే గొణిగాను: "కాకి... హంస... రథం వెనక్కి..."

ఆయన విల్లెత్తి గర్జించారు: "నేను కాకిని! అర్జునుడు హంస! సారథీ, రథం వెనక్కి తిప్పు!"

రథం తోసే ఖలాసీలు నిజంగానే తిప్పేశారు. "ఒరే, సావకుండా ఎక్కడికెల్తావురా!" అని అర్జునుడు బాణం పట్టుకుని వెంటపడ్డాడు. ముందు వరుసలో పక్కింటి బెంగాలీ దీదీ, "కర్ణ పారిపోయాడు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

తెర పడగానే ఇద్దరూ నన్ను గోడకు ఆనించి నిలబెట్టారు. "ఎవుడి వైపురా నువ్వు?" అన్నాడు మావయ్య. "అదే సెప్పు!" అన్నారు చార్జ్‌మన్ గారు. అంతలో ఆయనకే నవ్వొచ్చింది. మావయ్యకూ ఆగలేదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ, పోటీలు పడి నన్ను తిట్టారు. రెండేళ్ళలో వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే.

కిరీటమైనా తీయకుండా ఆ తిట్లన్నీ ఆనందంగా విన్న కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తనే సంధి కుదిర్చాననుకున్నాడు, పిచ్చి సన్నాసి.